పిల్లల చర్మముపై మానని బొడిపెలు: పంచాయతీ సభ్యులకు ఒక ప్రసంగము



ఈ సమావేశమునకు మేము వచ్చుచున్నామని తెలిసినపుడు తాగునీటిని గూర్చియో, దోమలను గూర్చియో చెప్పుదుమని మీరనుకొనియుందురు. ఆ సంగతులు మాకంటె మీకే బాగుగా తెలియును. నేడు మేము చెప్పదలచినది మిక్కిలి అరుదైన జబ్బును గూర్చి. ఒక గ్రామమంతయు గాలించినను అట్టి బిడ్డ ఒక్కడైనను కానరాకపోవచ్చును. అట్లయినచో మా కాలము వృథా చేయుట ఎందులకని మీరడుగవచ్చును. అడుగుట న్యాయమే. కాని ఈ జబ్బు ఒక ఇంట ప్రవేశించినదన్న అనుమానము మొట్టమొదట కలుగవలసినది డాక్టరునకు కాదు. డాక్టరు ఆ బిడ్డను పావుగంట సేపు చూచును. ఆ ఇంటి సంగతి, ఆ ఇంట ఎందరు పసివాండ్రు పుట్టిరో, ఎందరు పోయిరో, మూడు తరములుగా ఎరిగినవారు మీరు.

మొదట ఆ బొడిపెలు ఎట్లుండునో చెప్పెదము. చేతులమీదనో, కాళ్ళమీదనో, ముఖముమీదనో ఎఱ్ఱగా గాని గోధుమవర్ణముగా గాని గట్టి బొడిపెలు లేచును. కొన్ని ప్రక్కప్రక్కన కలిసి పలకవలె విస్తరించును. కొన్ని పగిలి పుండ్లగును. పసరు కట్టినను, మలాము పూసినను, సూదిమందు వేయించినను నెలలు గడచును, ఏండ్లు గడచును, అవి మానవు. వైద్యులు వీనిని గ్రాన్యులోమాలు అందురు. పేరు కష్టమైనను సంగతి కష్టమైనది కాదు.

పొలమునకు పోయినవాని కాలిలో తుమ్మముల్లు విరిగి లోననే నిలిచిపోయినదనుకొందము. దానిని తీయకున్నచో చుట్టునున్న కండ గట్టిపడి కాయవలె తయారగును. బయటకు త్రోయలేని దానిని శరీరము చుట్టుగోడ కట్టి బంధించుట ఇది. మన నెత్తురులోను, కండలోను తిరుగుచు, లోన చొచ్చిన సూక్ష్మజీవులను మ్రింగి చంపునట్టి కణములు కొన్ని కలవు. వానికి భక్షక కణములని పేరు. మ్రింగినదానిని చంపలేకపోయినపుడు అవి ఒక్కచోట గుమిగూడును, ఒకదానినొకటి ఒత్తుకొని నిలుచును, కొన్ని కలిసిపోయి పెద్దకణములగును. వాని చుట్టు మరికొన్ని తెల్లకణములు కావలి కాయును. దొంగ గడ్డివామిలో దూరినాడు, పట్టుకొనుటకు చేతగాక ఊరివారందరు కఱ్ఱలు పట్టుకొని వామి చుట్టు నిలిచినారు. గ్రాన్యులోమా అనగా అట్టి గుంపే.

క్షయ, కుష్ఠు రోగములలో కూడ శరీరము ఇట్టి గుంపులనే కట్టును. కుష్ఠు క్రిమిని 1873లో హాన్సెన్, క్షయ క్రిమిని 1882లో కోక్ కనిపెట్టిరి. ఆ రెండు దొంగలును మనకు తెలిసినవారే, వారికి తగిన మందులును కలవు. అందుచేత బిడ్డ ఒంటిమీద బొడిపె కనబడగానే మొదట ఈ రెండింటిని పరీక్షించుట ధర్మము. స్పర్శ తెలియని మచ్చ కుష్ఠునకు ముఖ్యమైన గుర్తు. ఆ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో జరుగును, మందు ఉచితముగా నిత్తురు. అయితే ఆ రెండును కావని తేలిన పిమ్మట, లేదా క్షయకు మందు వాడినను బొడిపె మానని పిమ్మట, చాలమంది అంతటితో ఆగిపోవుచున్నారు. నాగదోషమని కొందరు, గ్రహచారమని కొందరు తలచి ఊరకుందురు. మేము మాటాడవలసినది ఇక్కడినుండి.

కొందరు బిడ్డలు పుట్టుకతోనే రోగమును ఎదుర్కొను శక్తిలో ఏదో ఒక అంగము లేకుండ పుట్టుదురు. ఈ సంగతి వైద్యులకు తెలిసి ఎంతో కాలము కాలేదు. 1952లో అమెరికా సైన్యవైద్యుడగు బ్రూటన్ మాటిమాటికి జబ్బుపడుచున్న ఎనిమిదేండ్ల బాలుని పరీక్షించి, వాని నెత్తురులో రోగమునెదుర్కొను గామా గ్లోబులిన్ అను పదార్థము లేదని కనుగొనెను. అప్పటినుండి ఒకటొకటిగా ఇట్టి లోపములు బయటపడుచు వచ్చినవి. 2022లో అంతర్జాతీయ నిపుణులు ప్రకటించిన పట్టికలో వీని సంఖ్య 485. ఒక్కొక్కటి అరుదే, అన్నియు కలిసిన అరుదు కాదు. వీనిలో కొన్నింటియందు మాత్రమే చర్మముపై గ్రాన్యులోమాలు లేచును.

వానిలో మొదట చెప్పదగినది 1957లో అమెరికాలోని మిన్నెసోటా వైద్యులు బెరెండెస్, బ్రిడ్జెస్, గుడ్ వివరించినది. మగపిల్లలు చీముగడ్డలతో, చంకలలోను మెడమీదను బిళ్ళలు కట్టి, ఊపిరితిత్తులు చెడి చనిపోవుచుండిరి. ఎచ్చట చూచినను గ్రాన్యులోమాలే. ఆనాడు ఆ పిల్లలు బాల్యము దాటుట అరుదు. కారణమేమన, వారి తెల్లకణములు క్రిమిని మ్రింగును గాని చంపలేవు. ఆరోగ్యవంతుని కణము తాను పీల్చిన ప్రాణవాయువునుండి ఒక విషమును తయారుచేసి మ్రింగిన క్రిమిమీద వదలును. ఆ విషమును తయారుచేయు పనిముట్టే ఈ పిల్లలలో లోపించినది. దీనిని తెలిసికొను పరీక్ష చిత్రమైనది. లేత పసుపువన్నె రంగును నెత్తురులో కలుపుదురు. సరిగా పనిచేయు కణములు దానిని ముదురు నీలముగా మార్చును, లోపమున్న కణములు మార్చలేవు. ఇప్పుడింతకంటె సూక్ష్మమగు యంత్రపరీక్ష కూడ కలదు. బాక్టీరియాకు ఒకటి, బూజునకు ఒకటి చొప్పున మందులు ప్రతిదినము వాడుచు ఇప్పుడీ పిల్లలు పెరిగి పెద్దవారగుచున్నారు. ఒకప్పుడు ప్రాణాంతకమని పేరుపెట్టిన జబ్బు ఇది.

రైతుకుటుంబములకు ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. ఈ లోపము గల బిడ్డకు పెద్ద శత్రువు బూజు. పాత పెంటకుప్పను త్రవ్వునపుడు, తడిసి ముక్కిన గడ్డిని విదల్చునపుడు లేచు దుమ్ములో ఆ బూజు విత్తులు లెక్కలేనన్ని యుండును. మనకు రెండు తుమ్ములు వచ్చి పోవును. ఆ బిడ్డకు కొద్దిదినములలోనే ఊపిరితిత్తులు నిండి ప్రాణాపాయము కలుగవచ్చును. అట్టి బిడ్డను ఎరువు తోలు పనికి, పశువులకొట్టము శుభ్రము చేయు పనికి పంపరాదు, ఆ పని జరుగుచోటున ఆడుకొననీయరాదు. పట్టణపు డాక్టరు ఈ మాట చెప్ప మరచిన మరచును గాని పల్లెలోనున్న మనము మరువరాదు.

రెండవ లోపము మరియొక తీరున కనబడును. బిడ్డ నడక నేర్చు ప్రాయమున తూలుచు నడచును. తల్లిదండ్రులు కాళ్ళ బలహీనత యనుకొందురు. మూడేండ్లు మొదలు ఆరేండ్లలోపల కంటి తెల్లగ్రుడ్డుమీద సన్నని ఎఱ్ఱని నరములు తేలును. తూలుడు తగ్గదు, పెరుగును. మాటిమాటికి రొమ్ముపడిసెము, చెవిలో చీము. వీరిలో కొందరికి చర్మముపై మానని గ్రాన్యులోమాలు లేచును. దీనికి కారణమగు జన్యువును 1995లో కనుగొనిరి. ఈ బిడ్డల కణములు ఎక్స్‌రే కిరణములకు సులభముగా దెబ్బతినును. కనుక అవసరము లేని ఎక్స్‌రేలు, స్కానులు తీయించరాదు. తూలుచున్నాడని తలకు స్కాను, దగ్గుచున్నాడని రొమ్మునకు ఎక్స్‌రే, ఊరికొకటి చొప్పున తీయించుకొనుచు పోవు తల్లిదండ్రులకు ఈ సంగతి చెప్పువారుండవలెను.

ఇక ఈ బొడిపెలలో దూరిన దొంగ ఎవరు? చాలకాలము ఎవరికిని తెలియలేదు. ఎన్ని పరీక్షలు చేసినను ఏ క్రిమియు దొరకక, ఇవి క్రిమి లేని గ్రాన్యులోమాలని వైద్యులు నిశ్చయించుకొనిరి. 2014లో ఫ్రాన్సు దేశపు వైద్యులు ఇట్టి బిడ్డల బొడిపెలలో రుబెల్లా వైరస్సును కనుగొనిరి. 2016లో అమెరికా శాస్త్రజ్ఞులును దానినే ధ్రువపరచిరి. ఆ వైరస్సు ఊరిలో తిరుగు జబ్బునుండి వచ్చినది కాదు, టీకాలోనిది. ఈ మాట మొదట విన్నపుడు మాకును ఆశ్చర్యమే కలిగినది. కనుక దీనిని తొందరపడక విప్పి చెప్పెదము. సగము విని లేచిపోయినవారు ఊరికి కీడు చేయుదురు.

రుబెల్లా టీకాలో నుండునది సజీవమైన, కాని బలము తీసిన వైరస్సు. ప్లాట్కిన్ అను వైద్యుడు 1960 తరువాతి సంవత్సరములలో దీనిని తయారుచేసెను. ఆరోగ్యవంతమైన బిడ్డ శరీరము దానిని కొలది వారములలో తుడిచివేసి, ఆ గుర్తును మాత్రము నిలుపుకొనును. రోగనిరోధక శక్తిలో లోపము గల కొందరు బిడ్డలు దానిని తుడిచివేయలేరు. అది భక్షక కణములలో దాగి, ఏండ్ల తరబడి మెల్లమెల్లగా మారుచు బ్రతుకును. దాని చుట్టు కట్టిన గుంపే చర్మముపై కనబడు బొడిపె. అన్ని బొడిపెలకును ఇదే కారణమని మేము చెప్పుట లేదు. పరీక్షించినవారిలో అనేకులకు ఇది కనబడినదని మాత్రమే చెప్పుచున్నాము.

ఇది విని టీకాను తిట్టుకొనువారు రుబెల్లా జబ్బు చేయు పనిని కూడ వినవలెను. గర్భిణికి మొదటి నెలలలో రుబెల్లా సోకినచో పుట్టు బిడ్డకు కన్నులలో శుక్లములు, చెవుడు, గుండెజబ్బు కలుగును. 1941లో ఆస్ట్రేలియా కంటివైద్యుడు గ్రెగ్ దీనిని కనిపెట్టెను. 1964, 1965 సంవత్సరములలో అమెరికాలో రుబెల్లా వ్యాపించినపుడు ఇట్టి లోపములతో పుట్టిన బిడ్డలు సుమారు 20,000 మంది. మన దేశమున 2017 ఫిబ్రవరిలో తట్టు, రుబెల్లా టీకా ఉద్యమము ఆరంభమైనది. మన తెలుగు రాష్ట్రములలో అదే సంవత్సరము ఆగస్టున తొమ్మిది నెలలు మొదలు పదునైదేండ్లలోపు పిల్లలకు వేసిరి. ఇప్పుడు తొమ్మిది నెలలు నిండిన తరువాత ఒకసారి, పదునారు నెలలు నిండిన తరువాత మరియొకసారి వేయుచున్నారు. ఈ టీకా వలననే గ్రుడ్డితనము లేక పుట్టుచున్న బిడ్డలు లెక్కకు కానరారు, పుట్టక తప్పినదానిని ఎవరు లెక్కింతురు?

మరియొక సంగతి. లోపము గల బిడ్డకు టీకా వేయరాదన్నచో వానిని కాపాడునది ఎవరు? వాని చుట్టునున్న ఆరోగ్యవంతులైన పిల్లలందరు టీకాలు వేయించుకొనియుండుటయే వానికి కోట. ఊరిలో తట్టు ప్రవేశించినచో మొదట పోవువాడు వాడే. కనుక ఈ ప్రసంగము విని ఏ ఒక్క తల్లియు ఆరోగ్యవంతమైన బిడ్డకు టీకా మాన్పించరాదు. మాన్పించవలసిన ఇండ్లు ఏవో కొన్ని మాత్రమే, ఆ నిర్ణయము కూడ డాక్టరుది గాని మనది కాదు.

ఆ ఇండ్లు ఏవి? ఒక ఇంట ముందటి బిడ్డ పసితనమున ఎడతెగని జ్వరములతోనో, చీముగడ్డలతోనో, న్యుమోనియాతోనో పోయినచో, తరువాతి కానుపునకు ముందే ఆ సంగతి నర్సమ్మకు తెలియవలెను. బిడ్డ పుట్టగానే ఎడమచేతికి వేయు బి.సి.జి. టీకా కూడ సజీవమైన క్రిమియే. ఆరోగ్యవంతులలో అది చిన్న పొక్కు లేచి, మచ్చ మిగిల్చి మానిపోవును. చంకలో చిన్న బిళ్ళ కట్టుట మంచి బిడ్డలలోను అప్పుడప్పుడు కలదు, దానికి భయపడనక్కరలేదు. కాని టీకా వేసినచోట మానని పెద్ద పుండు పడినను, చంకలోని బిళ్ళ పెద్దదై చీము కారినను, దానితోపాటు బిడ్డ బరువు పెరగకున్నను, అది పుండు కట్టి పంపివేయదగిన సంగతి కాదు. పూర్వము పోయిన బిడ్డ కలదని చెప్పినచో డాక్టరు మొదట నెత్తురు పరీక్ష చేయించి, పిమ్మట సజీవ టీకాల సంగతి తేల్చును.

ఇప్పుడు నొప్పి కలిగించు మాట. ఇట్టి ఇంట నిందపడునది కోడలు. 'మా వంశములో ఇట్టి రోగము లేదమ్మా, నీవు కాపురమునకు వచ్చిన పిమ్మటనే చూచుచున్నాము' అని అత్తగారనును. మగబిడ్డలు ఇద్దరు పోయినచో ఆమెను శుభకార్యములకు పిలుచుట కూడ మానుదురు. ఈ లోపములు వచ్చు దారులు ముఖ్యముగా రెండు. మొదటి దారిలో తల్లిదండ్రులిద్దరును చెడిన జన్యువు ఒక్కొక్కటి చొప్పున మోయుచుందురు. ఇద్దరికిని ఏ జబ్బును ఉండదు. రెండును బిడ్డలో కలిసినపుడే జబ్బు. ప్రతి కానుపునకు నాలుగింట ఒక పాలు అపాయము. ఒక బిడ్డకు వచ్చినది గనుక తరువాతి ముగ్గురికి రాదని లెక్క కాదు. ప్రతిసారియు అదే నాలుగింట ఒకటి. తూలుడు జబ్బు ఈ దారిననే వచ్చును. మన ప్రాంతమున మేనమామకు, మేనత్త కొడుకునకు పిల్లనిచ్చు ఆచారము కలదు. ఒకే పూర్వీకుని చెడిన జన్యువు భార్యాభర్తలిద్దరికిని సంక్రమించు అవకాశము అట్టి వివాహములందు ఎక్కువ. అనగా పాపము కోడలిది కాదు, అందులో అత్తవారి వంతు సగము కలదు.

రెండవ దారిలో జన్యువు తల్లి ద్వారా వచ్చి మగబిడ్డలకు జబ్బు కలిగించును. మిన్నెసోటాలో చూచిన జబ్బు చాలమందికి ఈ దారిన వచ్చును, కొందరికి మొదటి దారిన వచ్చును. ఇందు పుట్టిన ప్రతి కొడుకునకు రెండింట ఒక పాలు అపాయము. తల్లికి దాని జాడయే తెలియకపోవచ్చును. ఒక్కొక్కప్పుడు వంశమున ఎవరికిని లేకయే ఈ మార్పు క్రొత్తగా పుట్టును. తనకు తెలియని దానికి, తాను చేయని దానికి ఆమెను నిందించుట ఏ పంచాయతీ న్యాయము? అయితే ఇక్కడ మీరడుగవలసిన ప్రశ్న ఒకటి కలదు. 'ఏమమ్మా, మీ అన్నదమ్ములెవరైనను పసితనమున పోయినారా? మీ అమ్మగారి అన్నదమ్ములెవరైనను?' ఈ ప్రశ్నకు సమాధానము మీ ఊరి పుస్తకములలో దొరకదు, ఆమె పుట్టినింటి ఊరిలో దొరకును. నింద మోపునట్లు కాక, పెద్దదిక్కుగా అడిగినచో ఆమె చెప్పును. పెద్దముత్తైదువనో, పంచాయతీలోని మహిళా సభ్యురాలినో పంపుట మేలు.

ఇట్టి బిడ్డలకు చికిత్స కలదా? కలదు. గామా గ్లోబులిన్ లేనివారికి దానిని నెలనెల ఎక్కింతురు. చర్మపు బొడిపెలకు మాత్రము పైపూతలు, మందులు అంతగా లొంగవు. ఒకరికి తగ్గిన మందు మరియొకరికి పనిచేయదు. మూలమునకు చేయు చికిత్స మూలుగు మార్పిడి. పైన చెప్పిన గుడ్ అను వైద్యుడే 1968లో పుట్టుకతో నిరోధకశక్తి లేని శిశువునకు సోదరి మూలుగునెక్కించి బ్రతికించెను. మూలుగు కుదిరి క్రొత్త కణములు పుట్టిన తరువాత ఏండ్లనాటి గ్రాన్యులోమాలు మానిపోయిన బిడ్డలు కలరు. కాని అన్ని లోపములకును ఇది తగదు. తూలుడు జబ్బులో మూలుగు మార్చినను నడక బాగుపడదు. తోబుట్టువు మూలుగు పూర్తిగా సరిపడు అవకాశము నాలుగింట ఒకటి. ఇది అపాయము లేని పనియని గాని, ఖర్చు లేని పనియని గాని మేము చెప్పము.

ఖర్చు సంగతి వచ్చినది గనుక చెప్పెదము. కేంద్ర ప్రభుత్వము 2021లో అరుదైన వ్యాధుల విధానమును ప్రకటించినది. మూలుగు మార్పిడితో నయమగు నిరోధకశక్తి లోపములు అందులో చేర్చబడినవి. నిర్ణయించిన కేంద్రములలో నమోదైన రోగికి 50 లక్షల రూపాయల వరకు సహాయము చేయుటకు 2022లో ఉత్తరువైనది. అట్టి కేంద్రములలో ఒకటి హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ. జన్యుపరీక్షలు చేయు సి.డి.ఎఫ్.డి. సంస్థతో కలిసి ఆ కేంద్రము పనిచేయును. దారి తెలిసినవారికి ఇది సులభమే. తెలియనివారు ఏడెనిమిది ఆసుపత్రులు తిరిగి, ఎకరము అమ్ముకొని, చివరకు ఇంటికి వచ్చి కూర్చుందురు.

ఊరినుండి ఆ దారి అంగన్‌వాడీ వద్ద మొదలగును. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్యబృందము అంగన్‌వాడీకి ఏటికి రెండుసార్లు, బడికి ఒకసారి వచ్చి పిల్లలను పరీక్షించును. ఆ దినమున సాధారణముగా జబ్బుబిడ్డ ఇంటనే యుండును! జబ్బుగా నున్నాడని తల్లి పంపదు. బొడిపెలు కనబడునని కొందరు దాచియుంచుదురు. మంచిగానున్నవారు పరీక్షకు వచ్చుట, పరీక్ష కావలసినవాడు రాకుండుట తరచుగా జరుగు వింత. ఆ దినము ముందుగా తెలిసికొని, ఆశా కార్యకర్తను పంపి, ఆ బిడ్డను ఎత్తుకొని వచ్చునట్లు చేయుట మీ పని. తల్లికి కూలి పోవునన్న భయముండిన ఆ పూట సంగతి మీరే చూచుకొనవలెను.

పంపునపుడు చేతికి కాగితములిచ్చి పంపవలెను. టీకాల కార్డు తప్పక కావలెను, ఏ టీకా ఏ తేదీన వేసిరో డాక్టరు దానినే మొదట అడుగును. పోయిన బిడ్డల పేర్లు, పోయిన వయస్సు, పోవుటకు ముందు కనబడిన లక్షణములు ఒక తెల్లకాగితముమీద వ్రాసియిచ్చినచో అది పది పరీక్షలంత పనిచేయును. ఈ లోపము అంటువ్యాధి కాదని బడిలోని ఉపాధ్యాయులకు, తోడిపిల్లల తల్లులకు కూడ చెప్పవలెను. బొడిపెలున్నవని బిడ్డను వెనుక బల్లమీద వేరుగా కూర్చుండబెట్టుట ఎక్కడనైనను జరుగుచున్నచో వెంటనే మాన్పించవలెను.

ఇక మరణముల నమోదు. మన ఊళ్ళలో పసిబిడ్డ పోయినచో కారణమని అడిగిన చోట 'జ్వరము' అని చెప్పి ముగింతురు. జ్వరమన్నది నిజమే. కాని అదే ఇంట రెండవసారి అదే మాట వినబడినపుడు కార్యదర్శి కలము ఆపి వెనుకటి నమోదులు చూడవలెను. గత పదునైదేండ్ల శిశుమరణములను ఇంటిపేర్ల వారిగా ఒకసారి సరిచూడుడని మా ప్రార్థన. ఒకే ఇంట ఇద్దరు కనబడినచో, ఆ ఇంట ఇప్పుడెవరైన గర్భవతి యున్నదేమో విచారింపుడు. ఉన్నచో కానుపునకు ముందే నర్సమ్మతో మాటాడుడు. మీకు సందేహములున్నచో అడుగుడు. చీకటి పడువరకు మేమిచ్చటనే యుందుము.